రోమ్ నుంచి ప్యారిస్‌కి ఎంత దూరం? 1876లో వెళ్లిన హైదరాబాదీ లెక్క

ముందు ఒక చిన్న పని. ఫోన్ తీసి "రోమ్ టు ప్యారిస్ డిస్టెన్స్" అని కొట్టండి. నేను ఆగుతా.

వచ్చిందా? విమానంలో అయితే సుమారు 1,100 కిలోమీటర్లు. ఫ్లైట్ టైమ్ రెండు గంటల చిల్లర. కారులో అయితే 1,400 కిలోమీటర్ల పైచిలుకు. అదే రెండు ఊళ్లు, దూరాలు మాత్రం రెండు. ఇంకో లెక్క చూడండి. విమానం గంటకి 800 కిలోమీటర్ల పైనే పోతుంది కదా? 1,100ని 800తో భాగిస్తే గంటా ఇరవై నిమిషాలు చిల్లర రావాలి. మరి టికెట్ మీద రెండు గంటల పది నిమిషాలు అని ఎందుకు ఉంటుంది?

ఇది జాగ్రఫీ ప్రశ్నలాగే కనిపిస్తుంది, కానీ దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన హైదరాబాద్ మనిషి ఒకాయన ఉన్నారు. 1876లో ఆయన రోమ్ చూశారు, ప్యారిస్‌లో కాలు విరగ్గొట్టుకున్నారు, అక్కణ్నించి లండన్ వెళ్లారు. ఆయన పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. మనందరికీ తెలిసిన పేరు మొదటి సాలార్ జంగ్.

ఈ రోజు ఆయన దారి పట్టుకుని వెళ్దాం. దారిలో దూరం అంటే ఏంటి, టైమ్ అంటే ఏంటి, ఆ టైమ్ తగ్గడానికి డబ్బు ఎవరు కట్టారు అనేవి చూద్దాం.

అసలు ఎందుకు వెళ్లారు?

టూర్ కోసం కాదు. పోయిన భూమిని వెనక్కి అడగడానికి.

1853 మే నెల. నిజాం ప్రభుత్వానికీ ఈస్టిండియా కంపెనీకీ మధ్య ఒక ఒప్పందం జరిగింది. హైదరాబాద్ కంటింజెంట్ అని ఒక సైన్యం ఉండేది. పెట్టింది కంపెనీ, ఖర్చు నిజాంది. ఆ ఖర్చు బాకీ పేరుకుపోయింది అని చెప్పి కంపెనీ వాళ్లు బేరార్ ప్రాంతాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. బేరార్ అంటే ఇప్పటి మహారాష్ట్రలో అమరావతి, అకోలా, బుల్ధానా, యవత్మాల్, వాశిమ్ జిల్లాలు. మంచి పత్తి పండే నల్లరేగడి నేల.

అప్పుడు దివాన్‌గా ఉన్నది సాలార్ జంగ్ బాబాయి సిరాజుల్ ముల్క్. ఒప్పందం అయిన కొద్ది రోజులకే, అదే నెలలో ఆయన చనిపోయారు. ఆ కుర్చీలోకి 24 ఏళ్ల సాలార్ జంగ్ వచ్చారు. అంటే ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఆయన నెత్తి మీద బేరార్ ఉంది. 1857 తిరుగుబాటప్పుడు ఆయన బ్రిటిష్ వాళ్ల పక్షాన నిలబడ్డారు. దానికి బదులుగా 1860లో రాయచూరు దోఆబ్, నల్దుర్గ్ తిరిగొచ్చాయి. బేరార్ మాత్రం రాలేదు.

అందుకే 1876లో ఆయనే స్వయంగా బయల్దేరారు. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఇంకా పదేళ్లు నిండలేదు. రాజ్యం నడిపేది ఈయనే. అలాంటి మనిషి నెలల తరబడి ఊరు వదిలి వెళ్లడం అంటే ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

మొదటి ముక్క: హైదరాబాద్ నుంచి బొంబాయి

ఇప్పుడు నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, మన ఖైరతాబాద్ స్టేషన్ దాటుకుని, బేగంపేట, వికారాబాద్, తాండూరు, వాడి మీదుగా తెల్లారేసరికి ముంబై చేరుకుంటాం. విమానంలో అయితే సుమారు 620 కిలోమీటర్లు, గంటన్నర లోపే.

సాలార్ జంగ్ బయల్దేరిన నాటికి నాంపల్లి స్టేషన్ భవనం లేదు. అది 1907లో కట్టారు. కానీ రైలు అప్పటికే వచ్చింది. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా లైను 1874 అక్టోబర్‌లో మొదలైంది. వాడి దగ్గర బొంబాయి నుంచి వచ్చే పెద్ద లైను కలుస్తుంది. అంటే ఆయన ప్రయాణానికి రెండేళ్ల ముందు. అంతకు ముందు అయితే ఎడ్లబండి, పల్లకీ, గుర్రం. దారిలో వాగు పొంగితే అక్కడే మకాం.

అప్పుడు మన ఊళ్లలో దూరాన్ని కిలోమీటర్లలో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. క్రోసు, ఆమడ అనేవాళ్లు. క్రోసు అంటే సుమారు రెండు మైళ్లు, ఆమడ అంటే నాలుగు క్రోసులు. ఊరు మారితే క్రోసు కూడా కాస్త మారేది. ఎందుకంటే అది నడిచే మనిషి కొలత. ఒక పూటలో ఎంత నడవగలం అన్నదే అసలు లెక్క. ఇప్పుడు మనం మాత్రం ఏం చేస్తున్నాం? "ఖైరతాబాద్ నుంచి ఎయిర్‌పోర్ట్ ఎంత దూరం?" అని ఎవరైనా అడిగితే "గంట" అంటాం. 30 కిలోమీటర్లు అనం. దూరం అడిగితే టైమ్ చెప్పడం మన పాత అలవాటే అన్నమాట.

రెండో ముక్క: సముద్రం

బొంబాయి నుంచి స్టీమరు. ఇక్కడ కూడా ఆయనకి టైమింగ్ కలిసొచ్చింది. సూయజ్ కాలువ 1869 నవంబర్‌లో తెరిచారు. అంతకు ముందు ఓడ ఆగకుండా ఇంగ్లండ్ వెళ్లాలంటే ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి రావాలి. ఆ దారిలో బొంబాయి–లండన్ సుమారు 19,800 కిలోమీటర్లు. సూయజ్ మీదుగా సుమారు 11,600. ఒక్క కాలువతో 8 వేల కిలోమీటర్లు ఎగిరిపోయాయి.

మరి ఎన్ని రోజులు పట్టేది? ఆ కాలపు టైమ్‌టేబుల్ ఒకటి అందరికీ తెలిసిన నవలలోనే ఉంది. జూల్స్ వెర్న్ రాసిన "ఎనభై రోజుల్లో భూప్రదక్షిణం". 1872లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో హీరో ఫిలియస్ ఫాగ్ లెక్క ఏంటంటే, లండన్ నుంచి సూయజ్‌కి రైలూ ఓడా కలిపి 7 రోజులు, సూయజ్ నుంచి బొంబాయికి ఓడలో 13 రోజులు. మొత్తం 20. కథ కల్పితమే, కానీ దారి కల్పితం కాదు. ఇండియా టపా లండన్ నుంచి ఫ్రాన్స్, ఇటలీ దాటి, ఇటలీ మడమ దగ్గరున్న బ్రిండిసి రేవులో ఓడ ఎక్కేది.

సాలార్ జంగ్ వెళ్లింది కూడా ఇటలీ, ఫ్రాన్స్ మీదుగానే. ఫాగ్ ఆ దారిలో లండన్ నుంచి ఇటు వచ్చాడు, మనాయన ఇటు నుంచి అటు వెళ్లారు.

మూడో ముక్క: రోమ్ నుంచి ప్యారిస్

ఇటలీలో ఆయన ఉన్నదానికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. సాలార్ జంగ్ మ్యూజియంలో వెయిల్డ్ రెబెక్కా విగ్రహం చూశారు కదా? పాలరాతితో చెక్కిన అమ్మాయి, ముఖం మీద ముసుగు, ఆ ముసుగు లోంచి ముఖం కనిపిస్తుంది. రాయి అంటే నమ్మబుద్ధి కాదు. చెక్కింది జొవాన్ని మరియా బెంజోనీ అనే ఇటలీ శిల్పి. ఈ 1876 ప్రయాణంలోనే సాలార్ జంగ్ దాన్ని కొన్నారు. స్కూల్ ట్రిప్‌లో వెళ్లినప్పుడు గడియారం దగ్గర గంట కొట్టే బొమ్మ కోసం పరిగెత్తి దీన్ని వదిలేసి ఉంటే, ఈసారి వెళ్లి చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. రోమ్ నుంచి ప్యారిస్‌కి గాల్లో 1,100, నేల మీద 1,400 ఎందుకు?

మధ్యలో ఆల్ప్స్ పర్వతాలు ఉన్నాయి, పక్కన సముద్రం ఉంది. గాల్లో కొలిచే దూరాన్ని గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. ఒక బంతి తీసుకుని రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం బిగించి లాగండి. ఆ దారం పొడవే అది. మీ ఫోన్ చేసేది ఇదే. రెండు ఊళ్ల అక్షాంశం, రేఖాంశం తీసుకుని ఒక ఫార్ములాలో పెడుతుంది. నాలుగైదు లైన్ల కోడ్, అంతే. అందులో కొండా ఉండదు, వాగూ ఉండదు.

రైలుకి మాత్రం కొండ ఉంటుంది. 1871 దాకా ఫ్రాన్స్‌కీ ఇటలీకీ మధ్య ప్రయాణికులు ఆల్ప్స్ కనుమ ఎక్కి దిగాల్సిందే. 1857లో కొండ కింద సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. దాదాపు 13 కిలోమీటర్లు. పాతికేళ్లు పడుతుంది అనుకున్నారు. గాలి ఒత్తిడితో పనిచేసే డ్రిల్లింగ్ యంత్రాలు రావడంతో 14 ఏళ్లలో అయిపోయింది. 1871 సెప్టెంబర్‌లో రైళ్లు మొదలయ్యాయి. దాన్నే మాంట్ సెనీ సొరంగం అంటారు, ఫ్రేజుస్ సొరంగం అని కూడా అంటారు.

ఈ సొరంగం అయ్యాక ఎంత టైమ్ పట్టేదో ఫాగ్ డైరీ చెబుతుంది. ప్యారిస్‌లో పొద్దున 8.40కి బయల్దేరి, మర్నాడు పొద్దున 6.35కి ఇటలీలోని టురిన్ చేరాడు. అంటే దాదాపు 22 గంటలు. రోమ్ అయితే టురిన్ నుంచి గాల్లో చూసినా ఇంకో 500 కిలోమీటర్ల పైనే. మొత్తానికి మనిషి రైల్లోనే ఒకటికి రెండు రాత్రులు గడపాలి. ఇప్పుడు విమానంలో రెండు గంటలు.

ఆ దారి పాతబడిపోయింది అనుకోకండి. 2023 ఆగస్టులో ఫ్రాన్స్ వైపు కొండచరియలు విరిగి ఆ లైను మీద పడ్డాయి. మిలాన్–ప్యారిస్ రైళ్లు ఆగిపోయాయి. మళ్లీ నడిచింది 2025 మార్చి చివర్లో. ఏడాదిన్నర పైగా. ఫోన్‌లో 1,100 అలాగే ఉంది, నేల మీద దారే మూసుకుపోయింది.

ఇంతకీ ఆ మిగిలిన దాదాపు యాభై నిమిషాలు ఎక్కడ పోయాయి?

ఎయిర్‌లైన్ చెప్పే టైమ్ గాల్లో ఎగిరే టైమ్ కాదు. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి, అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, వరసలో నిలబడటం, పైకి ఎక్కడం, దిగే ముందు వేగం తగ్గించడం, కాస్త ఎక్స్‌ట్రా పెట్టుకోవడం, ఇవన్నీ అందులోనే. అందుకే దగ్గరి ఊళ్ల మధ్య ఫ్లైట్ టైమ్ దూరంతో పోలిస్తే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకోటి గాలి. పైన పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. హైదరాబాద్ నుంచి లండన్‌కి గాల్లో సుమారు 7,750 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు పది గంటలు, కొన్నిసార్లు పైన. వచ్చేటప్పుడు దాదాపు గంట తక్కువ. ఎదురుగాలిలో నెక్లెస్ రోడ్ మీద సైకిల్ తొక్కినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మూడోది రాజకీయం. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం యూరప్ విమానాలకి మూసుకుపోయింది. హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లే విమానం ఇప్పుడు చుట్టూ తిరిగి 13 గంటలు తీసుకుంటోంది. రెండు ఊళ్లూ ఒక్క అడుగు కూడా జరగలేదు.

గడియారం సంగతి

ఒక చిన్న పజిల్. ఇప్పుడు ప్యారిస్‌లో పది గంటలకి విమానం ఎక్కి గంటా పావు ప్రయాణం చేస్తే, లండన్‌లో ఎన్నింటికి దిగుతారు? పదీ పావుకి. లండన్ గడియారం ప్యారిస్ కన్నా గంట వెనక. అందుకే టికెట్ మీది రెండు టైములు తీసేస్తే ఫ్లైట్ టైమ్ రాదు.

1876లో ఇది ఇంకా గందరగోళం. అప్పటికి టైమ్ జోన్లు లేవు. ఇంగ్లండ్ రైళ్లకి గ్రీనిచ్ టైమ్, ఫ్రాన్స్‌కి ప్యారిస్ టైమ్, ఇటలీ రైళ్లకి రోమ్ టైమ్. రోమ్‌కీ ప్యారిస్‌కీ సుమారు 40 నిమిషాల తేడా. సరిహద్దు దాటగానే గడియారం తిప్పుకోవాలి. మన దేశంలోనూ అంతే, బొంబాయి టైమ్ వేరు, మద్రాస్ టైమ్ వేరు, కలకత్తా టైమ్ వేరు. ప్రపంచమంతా గ్రీనిచ్ నుంచి లెక్కపెడదాం అని వాషింగ్టన్ సమావేశంలో అనుకున్నది 1884లో. ఇండియాకి ఒకే టైమ్ అని పెట్టింది 1906లో. బొంబాయి అయితే 1955 దాకా తన టైమ్ వదల్లేదు.

ప్యారిస్: కాలు విరిగిన ఊరు, మీటరు పుట్టిన ఊరు

ప్యారిస్‌లో సాలార్ జంగ్ హోటల్ మెట్ల మీద జారి పడ్డారు. కాలు విరిగింది. అంత దూరం ప్రయాణం చేసి, అసలు పని ఉన్న ఊరికి ఇంకా 340 కిలోమీటర్లు ఉందనగా జరిగింది ఇది. అయినా వెనక్కి తిరగలేదు.

ఆయన మంచం మీద ఉన్న ఆ ఊరికీ, ఇందాక మనం చెప్పుకున్న కిలోమీటరుకీ ఒక సంబంధం ఉంది. ఫ్రెంచి విప్లవం తర్వాత అక్కడి శాస్త్రవేత్తలు ఒక మాట అనుకున్నారు. రాజుగారి పాదం పొడవు, ఊరికో మూర కాకుండా, అందరిదీ అయిన భూమినే కొలతగా పెట్టుకుందాం అని. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరాన్ని కోటి భాగాలు చేస్తే ఒక భాగం మీటరు. దానికోసం యూరప్‌లో రెండు ఊళ్ల మధ్య దూరాన్ని నిజంగా కొలిచారు. ఉత్తరాన ఫ్రాన్స్‌లోని డంకర్క్, దక్షిణాన స్పెయిన్‌లోని బార్సిలోనా. దెలాంబ్ర్, మెషాఁ అనే ఇద్దరు 1792 నుంచి 1798 దాకా, యుద్ధాల మధ్య, చర్చి గోపురాలు ఎక్కి త్రిభుజాలు గీసుకుంటూ కొలిచారు. భూమి చుట్టుకొలత దాదాపు సరిగ్గా 40,000 కిలోమీటర్లు ఉండటం యాదృచ్ఛికం కాదు. అలా వచ్చేటట్టే మీటరు కొలత పెట్టారు. చిన్న తేడా మాత్రం మిగిలింది, మీటరు 0.2 మిల్లీమీటర్లు పొట్టిదైంది.

సరిగ్గా అదే త్రిభుజాల పద్ధతిలో మన నేలనీ కొలిచారు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో మొదలుపెట్టి, 78వ రేఖాంశం వెంబడి ఉత్తరానికి నడుచుకుంటూ వచ్చాడు. 1815లో బీదర్ దగ్గర బేస్‌లైన్ వేశాడు, అంటే గొలుసుతో నేల మీద అంగుళం అంగుళం కొలిచిన గీత. 1818లో హైదరాబాద్‌లో ఆయన దగ్గర అసిస్టెంట్‌గా చేరిన కుర్రాడి పేరు జార్జ్ ఎవరెస్ట్. అవును, ఆ ఎవరెస్టే. కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో పడిపోయి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ కొలతల నుంచి తేల్చిన భూమి ఆకారాన్ని ఎవరెస్ట్ 1830 అంటారు. మన దేశపు మ్యాపులు చాలాకాలం దాని మీదే నడిచాయి. ఇప్పుడు మీ ఫోన్ జీపీఎస్ వాడేది వేరే మోడల్, కానీ పని అదే.

చివరి ముక్క: లండన్

ప్యారిస్ నుంచి లండన్‌కి అప్పుడు రైలు, తర్వాత ఇంగ్లిష్ చానల్‌లో పడవ, తర్వాత మళ్లీ రైలు. ఫాగ్ లెక్కలో రాత్రి 8.45 నుంచి పొద్దున 7.20 దాకా, పదిన్నర గంటలు. ఇప్పుడు 1994లో తెరిచిన సొరంగంలో, సముద్రం కింద నుంచి యూరోస్టార్ రైలు రెండుంపావు గంటల్లో పోతుంది. ఎయిర్‌పోర్టుకి వెళ్లడం, చెకింగ్, వెయిటింగ్ అన్నీ కలిపితే ఆ దారిలో గంటా పావు విమానం కన్నా రైలే ముందు చేరుస్తుంది.

లండన్‌లో సాలార్ జంగ్‌కి మర్యాదలు బాగా జరిగాయి. జూన్ 21న ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. లండన్ నగరం తన పౌరసత్వ గౌరవం ఇచ్చింది. విందులు, ప్రసంగాలు, పత్రికల్లో పేరు.

బేరార్ మాత్రం రాలేదు.

ఇండియా వ్యవహారాల మంత్రిగా అప్పుడు లార్డ్ సాలిస్‌బరీ ఉన్నాడు. సంస్థానం అర్జీ ఏదైనా ఇండియాలోని వైస్రాయ్ ప్రభుత్వం ద్వారానే నడవాలి అన్నది బ్రిటిష్ వాళ్ల పద్ధతి. అంటే ఏంటి? కాలువ దాటి, సొరంగం దాటి, విరిగిన కాలుతో లండన్ దాకా వస్తే, సమాధానం మళ్లీ కలకత్తా వైపే చూపిస్తుంది. 20 రోజుల దూరాన్ని ఆయన దాటారు. అసలు నిర్ణయం తీసుకునే కుర్చీకీ ఆయనకీ మధ్య ఉన్న దూరం ఒక్క అంగుళం తగ్గలేదు.

1883 ఫిబ్రవరిలో కలరాతో ఆయన చనిపోయారు. 1902లో లార్డ్ కర్జన్ వచ్చి, ఏడాదికి 25 లక్షల రూపాయలకి బేరార్‌ని శాశ్వత కౌలుకి తీసుకున్నాడు. అక్కడితో ఆ కథ దాదాపు ముగిసింది.

టైమ్ తగ్గడానికి బిల్లు ఎవరు కట్టారు?

ఇక్కడ మనం నాంపల్లికి తిరిగి రావాలి. ఎందుకంటే ఈ ప్రశ్నని గట్టిగా అడిగిన మనిషి ఇల్లు అక్కడే ఉంది.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కి వెళ్లే రోడ్డులో గోల్డెన్ థ్రెషోల్డ్ అనే పాత ఇల్లు ఉంటుంది. సరోజినీ నాయుడు ఇల్లు అని చెబుతారు. అసలు అది వాళ్ల నాన్న అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఇల్లు. ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేసి హైదరాబాద్ వచ్చి, ఇక్కడ కాలేజీ నడిపిన సైన్స్ మనిషి. ఆ కాలేజీయే తర్వాత నిజాం కాలేజీ అయింది.

1883లో చాందా రైల్వే అని ఒక స్కీమ్ వచ్చింది. మన రైలు లైన్లని లండన్‌లో పెట్టే కంపెనీకి ఇచ్చి, దాన్ని చాందా వైపు, బెజవాడ వైపు పొడిగించాలి. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. పెట్టుబడి లండన్‌ది. కానీ షేర్లు కొన్నవాళ్లకి ఇంత వడ్డీ తప్పకుండా వస్తుందని హామీ ఇచ్చేది నిజాం ఖజానా. రైలు నష్టపోయినా వాళ్లకి నష్టం లేదు, పూడ్చేది ఇక్కడి రైతు కట్టిన శిస్తు. అందుకే ఆ కంపెనీ పేరులోనే "గ్యారంటీడ్" అనే మాట ఉంది. ఈ స్కీమ్‌కి తలుపులు తీసిన ప్రభుత్వం సాలార్ జంగ్‌దే, అది కూడా చెప్పుకోవాలి.

అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివాళ్లు అడిగింది చిన్న మాట. ఆ ఒప్పందంలో ఏముందో జనానికి చూపించండి, చర్చ పెట్టండి అని. హైదరాబాద్‌లో ప్రజలు ప్రభుత్వాన్ని బహిరంగంగా లెక్క అడిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి. దానికి జవాబుగా అఘోరనాథ్‌ని ఉద్యోగం నుంచి తప్పించి, ఊరి నుంచి పంపించేశారు. కొన్నాళ్ల తర్వాతే తిరిగి రానిచ్చారు. రైలు మాత్రం వచ్చింది. 1889లో బెజవాడ చేరింది. ఈ రోజు సికింద్రాబాద్ నుంచి విజయవాడకి మనం వెళ్లేది ఆ దారిలోనే. లైను మంచిదే. కానీ దాని లెక్క అడిగినవాళ్లు ఊరు వదలాల్సి వచ్చింది.

ఆ ఇంట్లోంచే 1895లో 16 ఏళ్ల సరోజిని నిజాం స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ బయల్దేరింది. సాలార్ జంగ్ వెళ్లిన 19 ఏళ్లకి. దివాన్ వెళ్లిన దూరం ఒక అమ్మాయి చదువు కోసం వెళ్లగలిగింది. రైలు, ఓడ అదే పని చేశాయి, కానీ ఆమెకి దారి వేసింది స్కాలర్‌షిప్.

తర్వాత విమానాలు వచ్చాయి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1940లలో బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపింది. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌ని మిగతా కంపెనీలు కాదంటే, ఉద్యోగం ఇచ్చింది ఈ కంపెనీయే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ శంషాబాద్‌కి మారింది. ఇప్పుడు అక్కణ్నించి లండన్‌కి ఆగకుండా పది గంటలు.

మరి మనకి ఎంత దూరం?

ఇప్పుడు మళ్లీ మీ ఫోన్ స్క్రీన్ చూడండి. రోమ్–ప్యారిస్, 1,100 కిలోమీటర్లు, రెండు గంటలు. ఇందులో మొదటి నంబరు భూమిది, దాన్ని ఎవరూ మార్చలేరు. రెండో నంబరు మనుషులది. కాలువ తవ్వితే తగ్గుతుంది, కొండ విరిగితే పెరుగుతుంది, యుద్ధం వస్తే ఇంకా పెరుగుతుంది.

మూడో నంబరు ఒకటి ఉంది, అది స్క్రీన్ మీద రాదు. రోమ్‌లో ఉన్న కుర్రాడికి ప్యారిస్ రెండు గంటలే. ఖైరతాబాద్‌లో ఉన్న మనకి అంతకన్నా ముందు వీసా స్లాట్ ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, ఇన్సూరెన్స్, వేలిముద్రలు, పాస్‌పోర్ట్ తిరిగొచ్చేదాకా రోజుల తరబడి ఎదురుచూపు. రోమ్‌కీ ప్యారిస్‌కీ ఒకే షెంగెన్ వీసా సరిపోతుంది, లండన్‌కి మళ్లీ వేరే. సాలార్ జంగ్ కాలంలో బొంబాయి నుంచి దాదాపు మూడు వారాలు. 150 ఏళ్ల తర్వాత, అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి లెక్కేసుకుంటే మనలో చాలామందికి అంతకన్నా ఎక్కువే అవుతోంది.

అందుకే ఎవరైనా "ప్రపంచం చిన్నదైపోయింది రా" అంటే, ఎవరికి చిన్నదైంది, ఎవరి డబ్బుతో చిన్నదైంది అని ఒకసారి అడగండి. 1883లో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఇల్లు మెట్రోలో నాంపల్లి స్టేషన్ దిగితే నడిచే దూరంలోనే ఉంది.

ఈ వారం వీలైతే ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లని, తాతయ్యనో అమ్మమ్మనో, వాళ్లు చేసిన మొదటి దూరప్రయాణం గురించి అడగండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని రోజులు, టికెట్ డబ్బులు ఎవరిచ్చారు. ఆ మూడు జవాబులు కామెంట్‌లో రాయండి. బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. ఉంటా మరి, నమస్తే.